కొరమీను గద్ద కాపురం

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  మా 1986 బ్యాచ్ అంతా వెనక వరసలో కూర్చుంది. అప్పుడూ అక్కడే కూర్చునేవాళ్లం కాబట్టి సార్లెవరూ ఆశ్చర్యపోనక్కర్లేదు.

సంఘం కార్యదర్శి నాకు ఫోన్ చేసి, "విద్యుత్ రంగంలో మీ ముప్ఫై ఏళ్ల అనుభవాలు చెప్పండి" అన్నారు. ఇరవై నిమిషాలిస్తే కరెంటు గురించి మూడు నిమిషాలు, మిగతాదంతా ఒక పక్షి గురించి చెబుతానన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత "సరే, కానీ పక్షి మన అంబర్‌పేటదేనా?" అని అడిగారు. కాదు. అయితే చలికాలంలో మన ఊరి చెరువుల దాకా వచ్చే జాతే. ఆ సంగతికి చివర్లో వస్తాను.

ముందు కరెంటు. మా శాఖలో పక్షి గూడు అంటే బ్రేక్‌డౌన్. ఏప్రిల్, మే నెలలొస్తే కాకులు స్తంభాల మీద క్రాస్ ఆర్మ్ పక్కన గూళ్లు పెడతాయి. పల్లెటూరి కాకి పుల్లలతో కడుతుంది. హైదరాబాద్ కాకికి పుల్లలకన్నా ఇనుపతీగ సులువుగా దొరుకుతుంది. ఇల్లు కట్టే చోట పడేసిన బైండింగ్ వైరు, విరిగిన హ్యాంగర్లు, జీఐ తీగ ముక్కలు. వాన పడగానే ఆ తీగ తడిసి ఫేజును తాకుతుంది. సబ్‌స్టేషన్లో బ్రేకర్ ట్రిప్ అవుతుంది. గోల్నాకలో ఫ్యాన్లు ఆగుతాయి. మాకు ఫోన్లు మొదలవుతాయి. అందుకే వానాకాలం ముందు కొమ్మలు కొట్టడం, గూళ్లు తీయడం మా పనుల జాబితాలో పక్కపక్కనే ఉంటాయి. అది చేయాల్సిన పనే. ఆసుపత్రికి వెళ్లే ఫీడరు మీద గూడు ఉంటే నేను ఇవాళ కూడా తీయిస్తాను.

అలాంటి వాడిని రోజుకు రెండు గంటల చొప్పున ఒక గూడు ముందు కూర్చోబెట్టింది మా అమ్మాయి. తను అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రం ఫ్రీమాంట్‌లో ఉంటుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు తను అక్కడ, మేం ఇక్కడ. విమానాలు లేవు. అప్పటికి మా అమ్మకు ఎనభై దాటాయి. తుంటి ఎముక విరిగి మంచం మీదుంది. నాది అత్యవసర సర్వీసు కాబట్టి రోజూ డ్యూటీకి పోవాలి, వచ్చి స్నానం చేసి గాని అమ్మ గదిలోకి వెళ్లకూడదు. అమ్మకు సీరియళ్లు కూడా లేవు, షూటింగులు ఆగిపోయి పాతవే వేస్తున్నారు. ఆ రోజుల్లో మా అమ్మాయి ఒక లింకు పంపి, "డాడీ, ఇది నానమ్మకు టీవీలో పెట్టు" అంది.

పెట్టాను. తెర మీద పెద్ద పుల్లల గుట్ట. దాని మీద తెల్లటి తల, కంటి మీదుగా నల్లటి చార, పసుపు కళ్లు ఉన్న ఒక పక్షి. కదలదు, మెదలదు. వెనకాల నీళ్లు. అమ్మ అయిదు నిమిషాలు చూసి, "ఏం జేస్తున్నదిరా అది?" అంది. "గుడ్ల మీద కూసున్నదమ్మా." "ఎప్పటిదాంక?" "ముప్ఫై ఎనిమిది రోజులట." అమ్మ రిమోటు నా చేతికివ్వలేదు.

ఆ పక్షిని ఇంగ్లీషులో ఆస్ప్రే అంటారు. అంటార్కిటికా తప్ప అన్ని ఖండాల్లోనూ కనిపించే వేటపక్షి. రెక్కలు చాపితే అయిదడుగుల పైమాటే, బరువు మాత్రం రెండు కిలోలకు అటూఇటూ. తిండి చేపలే. ఇంజనీరు కంటితో చూస్తే దాని కాలు అద్భుతం. ముందుకుండే మూడు వేళ్లలో బయటి వేలును వెనక్కి తిప్పగలదు. అంటే ముందు రెండు, వెనక రెండు, నాలుగు దవడల పట్టు. పాదం అడుగున చిన్న చిన్న ముళ్లు, జారే చేప జారకుండా. నీళ్లలో పడేటప్పుడు ముక్కు రంధ్రాలు మూసుకుంటాయి. చేపను పట్టాక గాల్లోనే సర్ది, తల ముందుకు తోక వెనక్కి ఉండేట్టు పట్టుకుని ఎగురుతుంది, గాలి ఒత్తిడి తగ్గడానికి. ఈ పాఠం మనకు ఏరోడైనమిక్స్ పేరుతో ఇంజనీరింగులో చెప్పారు. ఆ పక్షికి ఎవరు చెప్పారో.

మేం చూసింది శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం ఒడ్డున రిచ్మండ్ అనే ఊళ్లో ఉన్న గూడు. అది చెట్టు మీద లేదు. వర్లీ క్రేన్ అనే పాత క్రేన్ మీద ఉంది, ఓడలు కట్టిన కాలం నాటి చుట్టూ తిరిగే క్రేన్. రెండో ప్రపంచయుద్ధంలో ఆ రేవులోని కైజర్ షిప్‌యార్డుల్లో 747 ఓడలు కట్టారు. అందులో రాబర్ట్ ఇ. పియరీ అనే ఓడను 1942 నవంబర్లో అయిదు రోజులు కూడా పట్టకుండా నిలబెట్టారు. మగవాళ్లు యుద్ధానికి పోతే వెల్డింగు, రివెట్ల పని ఆడవాళ్లు అందుకున్నారు. రోజీ ద రివెటర్ అనే పేరు మీరు విని ఉంటారు, చెయ్యి మడిచి కండ చూపించే ఆవిడ బొమ్మ. ఆ యార్డు ఇప్పుడు జాతీయ చారిత్రక పార్కు. క్రేన్ పని మానేసింది, దాని మీద ఆస్ప్రేలు పని మొదలుపెట్టాయి. ఆడపక్షికి రోజీ అని, మగపక్షికి రిచ్మండ్ అని పేర్లు. 2017లో అక్కడి ఆడుబాన్ సొసైటీ వాళ్లు ప్రత్యక్ష ప్రసారం మొదలుపెట్టారు.

అమ్మకు ఆ పేర్లు నోరు తిరగలేదు. రోజీని రోజమ్మ చేసింది. మగదాన్ని అల్లుడంది. "అల్లుడొచ్చిండా?" అన్నది సాయంత్రం నేను డ్యూటీ నుంచి రాగానే వినపడే మొదటి మాట.

అల్లుడి లెక్కలు అమ్మకు నచ్చలేదు. ఆస్ప్రేల్లో పొదిగే కాలంలో చేపలు తేవడం చాలావరకు మగదాని వంతు. కానీ తెచ్చే ముందు ఏ స్తంభం మీదో కూర్చుని తల భాగం తను తినేసి, మిగతాది గూటికి తెస్తుంది. "తలకాయ వాడు మింగి తోక ఇంటికి తెస్తుండు. మీ నాయిన నయం" అంది అమ్మ. దానికి తోడు రిచ్మండ్‌కు ఒక పిచ్చి ఉంది. గూటికి పుల్లలే కాదు, ఎక్కడ దొరికితే అక్కడి గుడ్డలు, పిల్లలు ఆడుకునే మెత్తటి బొమ్మలు ఎత్తుకొచ్చి పెడతాడు. రోజీ వాటిని పక్కకు లాగుతుంది. ఆదివారం ఎర్రగడ్డ సంతకు పోయి పనికిరాని సామాను తెచ్చే మొగుళ్లున్న ఇళ్లవాళ్లకు ఈ దృశ్యం వేరే వర్ణించనక్కర్లేదు.

వేళల సంగతి ఒకటి చెప్పాలి. ఆ కాలంలో అక్కడికీ ఇక్కడికీ పన్నెండున్నర గంటల తేడా. మనకు సాయంత్రం ఏడు గంటలైతే వాళ్లకు పొద్దున ఆరున్నర. మొదటి చేప వచ్చే వేళ. అమ్మకు రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. నొప్పి. తెల్లవారుజామున రెండింటికి లేచి కూర్చునేది. చీకట్లో అలా కూర్చోవడం ఎంత కష్టమో మంచాన పడ్డవాళ్లను చూసుకున్న మీలో చాలామందికి తెలుసు. రెండింటికి టీవీ పెడితే అక్కడ మధ్యాహ్నం ఒకటిన్నర. ఎండ. నీళ్ల మీద తళతళ. రెక్కలు కొంచెం విప్పి పిల్లలకు నీడ పడుతున్న తల్లి. ఎన్ని రాత్రులు నేను సగం నిద్రలో లేచి చూస్తే అమ్మ మొహం మీద ఆ ఎండ పడుతూ ఉండేదో. డాక్టరిచ్చిన మాత్రలు పనిచేయలేదని అనను. ఆ ఎండ కూడా పనిచేసింది.

పిల్లలు గుడ్ల లోంచి ఒకేసారి రావు. పెట్టిన వరసలో, ఒకటి రెండు రోజుల తేడాతో వస్తాయి. ఆ తేడాయే ప్రాణాల మీదికి తెస్తుంది. ముందు వచ్చింది పెద్దదవుతుంది, చేప రాగానే మెడ చాచి ముందుంటుంది, చిన్నదాన్ని ముక్కుతో పొడిచి తల వంచేస్తుంది. చేపలు బాగా దొరికే రోజుల్లో పెద్దది కడుపు నిండి పక్కకు జరుగుతుంది, చిన్నదానికీ దక్కుతుంది. దొరకని రోజుల్లో తల్లి ముందు నోరు తెరిచిన దానికే పెడుతుంది. దానికి వేరే లెక్క లేదు. ఒకరోజు సాయంత్రం అమ్మ ఏడుపు గొంతుతో అంది: "గా చిన్నదాని నోట్లె ఒక్క ముక్క పడ్తలేదురా. మీరు ఐదుగురు. నేనట్లనే జేసిన్నా? నువ్వు ఆఫీసరువే గద, గాళ్లకు ఫోన్ జెయ్యి."

ఎవరికి చేయాలి?

నా ఉద్యోగమంతా తెర ముందే గడిచింది. కంట్రోల్ రూములో గోడ నిండా బొమ్మ ఉంటుంది. ఎక్కడ ఎంత లోడు, ఏ బ్రేకర్ తెరిచి ఉంది, ఏది మూసి ఉంది. ఎర్ర దీపం వెలిగితే ఒక స్విచ్ ఉంటుంది, లేదంటే ఫోన్ చేయడానికి ఒక లైన్‌మన్ ఉంటాడు. తెర అంటే చేయి వేయడానికే అన్న అలవాటు మాది. ఇక్కడ తెర ఉంది, ఎర్ర దీపం ఉంది, స్విచ్ లేదు. ఆ సాయంత్రం నుంచి నేను ఈ కెమెరా గూళ్ల చరిత్ర వెతకడం మొదలుపెట్టాను. చిక్కడపల్లి గ్రంథాలయం మూసి ఉంది గాని, రాత్రి డ్యూటీల్లో ఫోన్ ఉంది కదా.

ఒకప్పుడు ఈ పక్షిని చూడాలంటే కెమెరా అక్కర్లేదు, తుపాకీ కావాలి. బ్రిటన్‌లో చేపల చెరువుల యజమానులు కాల్చారు, గుడ్లు సేకరించే షోకిల్లా రాయుళ్లు గుడ్లు ఎత్తుకుపోయారు. 1916 తర్వాత అక్కడ గూడు కట్టే జంటే లేకుండా పోయింది. 1954లో స్కాట్లాండ్‌లోని లాక్ గార్టెన్ అనే సరస్సు దగ్గర ఒక జంట మళ్లీ గూడు పెట్టింది. 1958లో కాపలా ఉండగానే రాత్రి ఎవరో చెట్టెక్కి ఆ గుడ్లు తీసుకుని, వాటి స్థానంలో బూటు పాలిష్ పూసిన కోడిగుడ్లు పెట్టిపోయారు. అప్పుడు పక్షుల సంఘం నాయకుడు జార్జ్ వాటర్‌స్టన్ అందరికీ విడ్డూరంగా కనిపించే పని చేశాడు. గూడును దాచడం మానేసి, 1959లో జనాన్నే పిలిచాడు. దూరంగా ఒక గుడిసె, అందులో దూరదర్శినులు. ఆ ఒక్క సీజనులోనే దాదాపు 14,000 మంది వచ్చి చూశారు. అంతమంది చూస్తున్న గూట్లోంచి గుడ్డు దొంగిలించడం కష్టం. ఇవాళ్టి కెమెరాలకు తాత ఆ గుడిసె. సాంకేతికంగా తాత మాత్రం వేరే ఉంది. 1991లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం కంప్యూటర్ లాబ్‌లో కాఫీ కుండ ఖాళీ అయిందో లేదో సీట్లోంచి లేవకుండా తెలుసుకోవడానికి పెట్టుకున్న కెమెరా. ఇంజనీర్ల సోమరితనం లోకానికి చేసిన మేలు చాలా ఉంది, ఇది అందులో ఒకటి.

అమెరికాలో తుపాకీ కన్నా పెద్ద దెబ్బ డీడీటీ. పొలాల్లో, చిత్తడి నేలల్లో చల్లిన మందు చేపల్లోకి, చేపల్లోంచి పక్షుల్లోకి చేరింది. గుడ్డు పెంకు పలచబడింది. తల్లి పొదగడానికి కూర్చుంటే దాని బరువుకే గుడ్డు పగిలేది. న్యూయార్క్, బోస్టన్ నగరాల మధ్య తీరంలో 1940ల్లో సుమారు వెయ్యి గూళ్లుండేవి, 1970 నాటికి వందకు కొంచెం పైన మిగిలాయి. 1972లో అక్కడ డీడీటీని నిషేధించారు. గుడ్లు మళ్లీ నిలిచాయి. ఈలోగా పెద్ద చెట్లు పోయాయి కాబట్టి, పక్షులు స్తంభాల మీదికి వచ్చాయి. అంటే మా వాళ్ల మీదికి. చాలా విద్యుత్ సంస్థలు గూడు తీసిపారేయకుండా, పక్కనే ఇంకో స్తంభం పాతి, పైన చెక్క పళ్లెం బిగించి గూడును అక్కడికి మారుస్తున్నాయి. తూర్పు జర్మనీ ప్రాంతంలోనైతే ఈ జాతి గూళ్లలో ఎక్కువ భాగం హైటెన్షన్ టవర్ల మీదే ఉన్నాయి. ఏళ్ల తరబడి పుల్లలు పేర్చుకుంటూ పోతే ఒక్కో గూడు క్వింటాల్ దాటుతుంది. ఈ సంగతి మా లైన్‌మన్లకు చెబితే, "సార్, మన కాకులే నయం" అన్నారు.

ఇక అమ్మ అడిగిన ప్రశ్న. వేల్స్ దేశంలో డవీ అనే నది ఉంది. అక్కడి గూట్లో మాంటీ, నోరా అనే జంట. 2012 జూన్‌లో భారీ గాలివాన వచ్చింది. తండ్రి చేపలు పట్టలేకపోయాడు, తల్లి పిల్లల మీద రెక్కలు కప్పి కూర్చుంది. మూడు పిల్లల్లో రెండు కెమెరా ముందే చచ్చిపోయాయి. మూడోది తల ఎత్తలేకపోతున్నప్పుడు అక్కడి సిబ్బంది నిర్ణయం తీసుకున్నారు. గూడు ఎక్కారు, పిల్లకు చేప ముక్కలు తినిపించారు, మళ్లీ గూట్లో పెట్టారు. అది బతికింది. సియలన్ అని పేరు పెట్టారు. రెక్కలొచ్చి, ఒంటరిగా ఎగిరి ఆఫ్రికాలోని సెనెగల్ చేరింది. ఆ ఏడాది ముగిసేలోపే అక్కడ చేపల వలలో చిక్కుకుని చచ్చిపోయింది. మరి ఆ రోజు తినిపించడం దండగా? నేను అనుకోను. వాళ్లకు ఆ జూన్ సాయంత్రం తెలిసింది ఒక్కటే, ఎదురుగా ఉన్నది ఆకలితో ఉందని. నవంబరు సంగతి జూన్‌లో ఎవరికి తెలుసు?

దీనికి ఎదురు కథ అమెరికాలోని వుడ్స్‌హోల్ సముద్ర పరిశోధన సంస్థది. వాళ్ల కెమెరా గూట్లో 2014, 2015 సంవత్సరాల్లో తల్లి పిల్లలకు సరిగా పెట్టకపోగా, వాటినే పొడిచేది. చూసేవాళ్లు ఊరుకోలేదు. పిల్లల్ని తీసుకుపొమ్మని బతిమాలారు, తర్వాత తిట్టారు, తర్వాత బెదిరించారు. సంస్థ మాత్రం అడవి పక్షి కాపురంలో వేలు పెట్టమంది. చివరికి ప్రసారమే ఆపేశారు. గూడు అక్కడే ఉంది, చూడటం మాత్రం ఆగింది. నాకు ఇందులో ఎవరు తప్పో తేల్చబుద్ధి కాలేదు. బెదిరించడం తప్పే. కానీ ఆ జనంలో మా అమ్మలాంటి వాళ్లు ఎందరో ఉండి ఉంటారు, ఒక ముక్క ఆ చిన్నదాని నోట్లో పడితే చాలని కూర్చున్నవాళ్లు.

అమ్మకు నేనేం చెప్పానంటారా? "ఫోన్ చేశానమ్మా, చూస్తామన్నారు" అని అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేదు. "మనం చూడటమే అమ్మా, చేసేది లేదు" అన్నాను. అమ్మ కాసేపాగి, "చూస్త తియ్యి. గది ఒక్కతే ఉన్నట్టు ఉండది" అంది. ఆ మాట నేను చాలాసార్లు తల్చుకున్నాను. లాక్‌డౌన్‌లో ఫ్రీమాంట్‌లో మా అమ్మాయికి జ్వరం వచ్చి, నాలుగు రోజులు గదిలో ఒక్కతే ఉన్నప్పుడు మేం చేసింది కూడా అదే. వీడియో కాల్ పెట్టి వదిలేశాం. తను పడుకుంటే పడుకున్న మనిషిని చూస్తూ మా ఆవిడ కూరలు తరుక్కుంది.

జూలైలో పిల్లలు ఎగరడం నేర్చాయి. ముందు గూట్లోనే గాలికి ఎదురుగా రెక్కలు కొట్టడం, తర్వాత జానెడు లేవడం, తర్వాత క్రేన్ చేయి మీదికి. పుట్టిన యాభై, యాభై అయిదు రోజులకు మొదటి ఎగురు. తర్వాత వలస. ఈ జాతి వలసలో నన్ను ఆపేసిన సంగతి ఒకటుంది. మొగుడూ పెళ్లాం కలిసి పోవు. సాధారణంగా తల్లి ముందు వెళ్లిపోతుంది, తండ్రి మిగిలి పిల్లలకు చేపలు తెస్తూ ఉంటాడు, పిల్లలు ఎవరి దారిన అవి పోతాయి. ఎవరూ దారి చూపరు. చలికాలమంతా ఎవరి చోటు వారిది. మళ్లీ వసంతంలో జంట కలిసేది ఆ గూటి దగ్గరే. పిల్లలు మాత్రం వెళ్లిన చోటే ఏడాదిన్నర, రెండేళ్లు ఉండిపోతాయి. చదువుకు పోయిన మన పిల్లల హెచ్1 వీసా లెక్క దీనికంటే ఎక్కువే, అది వేరే సంగతి.

అమ్మ ఇంకో రెండు సీజన్లు చూసింది. 2022 చివర్లో వెళ్లిపోయింది.

ఇప్పుడు మన ఊరి సంగతి. 19వ శతాబ్దపు పక్షిశాస్త్ర గ్రంథాల్లో ఈ పక్షికి తెలుగు పేరు ఇచ్చారు: కొరమీను గద్ద. మన రాష్ట్ర చేప కొర్రమీనే కదా. పేరు పెట్టారంటే మనవాళ్లు దాన్ని ఎరుగుదురన్నమాట. ఉత్తరాన మంచు పడ్డాక దిగివచ్చే ఆస్ప్రేలు మన దేశమంతా చలికాలం గడుపుతాయి. హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ మీద డిసెంబర్, జనవరి నెలల్లో ఓపిక పడితే కనిపిస్తుంది. అంటే దాని కాపురం మనకు కనపడదు, ఒంటరి చలికాలం మాత్రమే కనపడుతుంది. సలీం అలీ గారు 1931-32లో నిజాం రాజ్యంలో పక్షుల సర్వే చేశారు. 1980లో మన ఊళ్లోనే పక్షి ప్రేమికుల సంఘం ఒకటి మొదలైంది, ఇప్పుడు డెక్కన్ బర్డర్స్ అంటున్నారు. ఆదివారాలు బైనాక్యులర్లు మెళ్లో వేసుకుని చెరువు గట్ల మీద తిరిగేవాళ్లు వాళ్లే. పోయిన ఏడాది జనవరిలో హిమాయత్‌సాగర్ గట్టున నేను మొదటిసారి దాన్ని తెర లేకుండా చూశాను. నీళ్లకు యాభై అడుగుల ఎత్తున ఒకచోట రెక్కలు కొడుతూ నిలిచి, కాళ్లు ముందుకు చాచి పడింది. లేచినప్పుడు చేప లేదు. తడి కుక్కలా గాల్లోనే ఒళ్లు విదిలించుకుని వెళ్లిపోయింది. టీవీలో తప్పిపోయిన వేటలు కనపడవు, గూటికి వచ్చిన చేపే కనపడుతుంది. అల్లుణ్ని అమ్మ అన్ని మాటలనకుండా ఉండాల్సింది.

ఆ రెండు జలాశయాలు ఎందుకు వచ్చాయో అంబర్‌పేట వాళ్లకు వేరే చెప్పాలా? 1908 సెప్టెంబర్ 28 నాటి మూసీ వరద. ఆ తర్వాత విశ్వేశ్వరయ్య గారు ఇచ్చిన ప్రణాళికతో ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. అవి మన తలమీది గొడుగులు. వాటి చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో భారీ కట్టడాలు, కాలుష్య పరిశ్రమలు రాకుండా 1996 మార్చిలో జీవో 111 తెచ్చారు. 2022 ఏప్రిల్‌లో జీవో 69తో ఆ ఆంక్షలు సడలించారు. భూములున్న రైతుల బాధ నాకు తెలుసు. పక్క ఊళ్లో ఎకరం కోట్లు పలుకుతుంటే తమది పలకకపోతే ఎవరికైనా మండుతుంది. అయినా ఒక ఇంజనీరుగా నా అభిప్రాయం చెబుతాను. పైన నీళ్లు దిగే దారి మూసుకుపోతే కింద మనం ఎంత పెద్ద శుద్ధి కేంద్రం కట్టినా చాలదు. మన అంబర్‌పేటలోనే రోజుకు 339 మిలియన్ లీటర్ల మురుగు శుద్ధి చేసే ప్లాంటుంది, దాని పక్కనుంచి పోయేటప్పుడు ముక్కు మూసుకుంటాం గాని అది చేసే పని తలుచుకోం. రిచ్మండ్ గూటికి మన దగ్గర స్విచ్ లేదు. హిమాయత్‌సాగర్‌కు ఉంది. ఓటు ఉంది, కోర్టు ఉంది, అర్జీ ఉంది. బతుకమ్మ కుంటను చూడండి. చెత్త, మట్టి పోసి పూడ్చిన చోట 2025లో తవ్వితే నీళ్లు పడ్డాయి. అయిదెకరాల చిల్లర మిగిలింది, మిగిలినంత మేర మళ్లీ కుంటయింది. మేం చిన్నప్పుడు దాని పక్కనుంచి బడికి నడిచొచ్చిన వాళ్లం, అక్కడ మళ్లీ నీళ్లు చూస్తామని అనుకోలేదు.

చివరగా సంఘం ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాను. స్వర్ణోత్సవ నిధితో గేటుకు తోరణం కట్టాలని కొందరు అంటున్నారు. కట్టండి, నా చందా కూడా ఉంది. అందులోంచి కొంచెం పక్కన పెట్టమంటున్నాను. ముందు ఆస్ప్రే ప్రసారాన్నే బడిలో పెద్ద తెర మీద పెడదామనుకున్నాను. కుదరదు. మన బడి వేళల్లో అక్కడ రాత్రి. పిల్లలకు కనిపించేది చీకట్లో కదలని ఒక ఆకారం. కానీ మన బడి వెనక సెల్ టవర్ మీద మామూలు నల్లగద్ద గూడు ఉంది. రోజూ ఇంటర్వెల్లో టిఫిన్ బాక్సుల మీదికి దూకేది అదే. చలికాలం చివర్లో గుడ్లు పెడుతుంది, వేసవి సెలవుల లోపే పిల్లలు పెద్దవవుతాయి. మన మేడ పైనుంచి దానికి చూపు సూటిగా ఉంది. జూమ్ ఉన్న ఒక కెమెరా, వాన తగలని పెట్టె, కింద కంప్యూటర్ ల్యాబ్ దాకా ఒక కేబులు. టవర్ ఎక్కేది లేదు, గూటి దగ్గరికి పోయేది లేదు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం గూటిని కదిలించడం నేరం, అందుకే కెమెరా మన మేడ మీదే ఉంటుంది. అటవీశాఖ వారికి ముందుగా ఉత్తరం రాసే పని నాది. కరెంటు పని మా బ్యాచ్‌ది, ఉచితం. ఒక పిల్లకు తిండి అందకపోతే తరగతిలో ఏం చెప్పాలో మాత్రం సైన్సు టీచర్లు ముందే అనుకోవాలి. అది నేను చెప్పగలిగింది కాదు.

ఇంకో మాట. వచ్చే ఆదివారం హిమాయత్‌సాగర్‌కు పోతున్నాం. పొద్దున అయిదున్నరకు అలీ కేఫ్ చౌరస్తా దగ్గర బస్సు. బైనాక్యులర్లు మూడున్నాయి, ఉన్నవాళ్లు మీవి తెచ్చుకోండి. టీ, ఉస్మానియా బిస్కెట్లు 1986 బ్యాచ్ ఖర్చు. సార్లకు, టీచర్లకు ముందు సీట్లు. పక్షి రాకపోతే నన్ను అనొద్దు, దానికి నేను నోటీసు ఇవ్వలేదు.